చిన్న విమానాలు, ఘాటు జిగుర్లు

"సిస్టర్, మావాడు టీవీ ముందునుండి లేవడం లేదు. ఏదైనా మంచి అలవాటు చెప్పండి" అని ఓపీకి వచ్చే తల్లులు తరచు అడుగుతుంటారు. చేతిపని ఏదైనా మంచిదే. విమానాల నమూనాలు తయారుచేయడం అలాంటిదే. పిల్లలే కాదు, రిటైరైన పెద్దలు కూడా దీనితో గంటలు గడుపుతారు. అయితే కిట్‌తోపాటు జిగురు, థిన్నర్, బ్లేడు కూడా ఇంట్లోకి వస్తాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

కిట్ పెట్టెలో పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ ముక్కలు ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి. పెట్టె మీద 1/72 అని ఉంటే, అసలు విమానం నమూనాకు 72 రెట్లు పొడవు అని అర్థం. మన తేజస్ యుద్ధవిమానం పొడవు 13.2 మీటర్లు. 1/72 కొలతలో అది సుమారు 18 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కొంచెం తక్కువ. 1/48 కొలతలో ముక్కలు పెద్దవిగా ఉంటాయి కనుక చూపు మందగించిన పెద్దలకు అదే మేలు. మూడేళ్లలోపు పసివాళ్లున్న ఇంట్లో మాత్రం నేలమీద పెట్టుకుని చేయవద్దు. చిన్న చక్రం గొంతులో అడ్డుపడితే ప్రాణాపాయం.

ఈ కిట్లకు వాడే ప్లాస్టిక్ సిమెంట్ మామూలు జిగురులాంటిది కాదు. అది ప్లాస్టిక్ అంచులను కొద్దిగా కరిగించి, రెండింటినీ ఒకటిగా కలుపుతుంది. కరిగించే ఆ ద్రావకమే ఆవిరై మన ఊపిరిలోకి వస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దాని గుర్తులు. కిటికీలు తీసి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టుకుని పనిచేయాలి. వరండా ఇంకా మంచిది. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు. ఈ ద్రావకాలు భగ్గున అంటుకుంటాయి కనుక కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి వెలిగించి పని కొనసాగించవద్దు.

అమెరికాలో 1960లలో కొందరు పిల్లలు ఈ జిగురును మత్తు కోసం పీల్చడం మొదలుపెట్టారు. దాన్ని ఆపాలని 1969లో ఒక తయారీ సంస్థ జిగురులో ఆవాల ఘాటు కలిపింది. అలా పీలిస్తే గుండె లయ తప్పి, మొదటిసారే ప్రాణం పోవచ్చు. మీ ఇంట్లో విమానం పని సాగకుండా జిగురు ట్యూబు మాత్రం తరిగిపోతుంటే, తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి.

సూపర్ గ్లూ సంగతి వేరు. వేళ్లు అంటుకుంటే లాగవద్దు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెల్లగా ఒకదానిమీద ఒకటి దొర్లించినట్టు విడదీయాలి. చిందితే దూదితో తుడవవద్దు. దూది తగిలితే ఈ జిగురు వేడెక్కి చర్మం కాలుతుంది. మరో మాట: దీని బుడ్డీ చూడ్డానికి కంటిచుక్కల సీసాలాగే ఉంటుంది. రెండూ ఒకే అల్మారాలో ఉంచకండి. కంట్లో పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా, నీళ్లతో కడుగుతూ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకురండి.

థిన్నర్‌ను, టర్పెంటైన్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచడం మన ఇళ్లలో మహా చెడ్డ అలవాటు. బిడ్డ తాగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు తాగించకండి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. సీసాతో సహా ఆసుపత్రికి రండి. వీలైతే నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులే కొనండి.

బ్లేడు ఎప్పుడూ మన వైపు కాకుండా అవతలికి కదలాలి. వాడేసినదాన్ని గట్టి డబ్బాలో వేసి మూత పెట్టండి, చెత్త ఎత్తే మనిషి చేతులు కూడా చేతులే కదా. గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

పూర్తయిన విమానాన్ని ఎండ తగలని చోట, గాజు అరలో ఉంచండి. ఎండకు స్టిక్కర్లు పసుపెక్కుతాయి, వేడికి రెక్కలు వంగుతాయి. దుమ్మును మెత్తని పొడి బ్రష్షుతో దులిపితే చాలు. వానాకాలం చెమ్మకు మందు డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాల్లాంటివి అరలో పెట్టవచ్చు, పిల్లలకు అందకుండా. కొందరు చీరల పెట్టెలో వేసినట్టు కలరా ఉండలు వేస్తారు. వద్దు. ఆ నాఫ్తలీన్ ఆవిరికి పాలిస్టైరీన్ మెత్తబడి పాడవుతుంది. పైగా జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలు ఆ ఉండను మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, రాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా తీసుకురండి.