వేరుశనగ వేళ్లకు ఆ బుడిపెలెందుకు?

వేరుశనగ మొక్కను మెల్లగా పీకితే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. తెగులేమో అనుకోకండి పిల్లలూ! ఒకదాన్ని గోటితో చిదమండి, లోపల గులాబీ ఎరుపు ఉంటుంది. అక్కడ రైజోబియం అనే మంచి బ్యాక్టీరియా పనిచేస్తోందని గుర్తు. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బ్యాక్టీరియా దాన్ని మొక్కకు ఆహారంగా మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క నుంచి చక్కెర తీసుకుంటుంది. దీనికి రుజువుందా? ఉంది. జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగల్, విల్‌ఫార్త్ 1888లో దీన్ని చూపించారు. సూక్ష్మజీవులు, నత్రజని లేని ఇసుకలో నీరసించిన బఠానీ మొక్కలు, పొలం మట్టి కలిపిన నీళ్లు పోశాక బుడిపెలు తొడిగి ఏపుగా పెరిగాయి.

మరి కాళ్లులేని ఈ జీవి వేరును ఎలా చేరింది? దానికి సన్నని తోకలుంటాయి. అవి గిరగిరా తిరిగితే ముందుకు ఈదుతుంది. వేరు మట్టిలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. బెల్లం ముక్కను చీమలు వెతుక్కుంటూ వచ్చినట్టు, బ్యాక్టీరియా వాటి జాడ పట్టుకుని వస్తుంది. పిల్లవేరు మొలిచినచోట పడే సన్నని పగులులోంచి లోపలికి దూరుతుంది. "ఇంత చిన్నది ఎంత దూరమని ఈదుతుంది?" అంటారేమో. నిజమే, మట్టి రేణువుల మధ్య నీటిపొర ఉంటేనే, అదీ కొద్ది దూరమే ఈదగలదు. అందుకే రైతులు విత్తనానికే రైజోబియం పట్టించి విత్తుతారు. నేలలో తడి ఎందుకు ఉండాలో, వేరుశనగకు నత్రజని ఎరువు తక్కువైనా ఎందుకు సరిపోతుందో ఇప్పుడు తెలిసిందిగా!