నమ్మకమున్నచోట లెక్క యెందుకు?

ఊరిలో నలుగురు కలసి ఒక గ్రంథాలయమును స్థాపింతురు. వారికి జీతము లేదు, లాభము లేదు. పగలంతయు తమ తమ వృత్తులు చూచుకొని, సాయంకాలము కొంతసేపు ఊరి పనికై వెచ్చింతురు. అట్టివారిని లెక్కలడుగుట మర్యాద కాదని మనలో అనేకుల అభిప్రాయము. ఎవరైన సాహసించి అడిగినచో, “నమ్మకమున్నచోట లెక్క యెందుకు?” అను మాట వెంటనే వినవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి మా ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఇట్టి సంఘములు తెలుగువారికి క్రొత్తవి కావు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లోను, వేటపాలెమున సారస్వత నికేతనము 1918లోను వెలసినవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఆ ఉద్యమమునకై తమ జీవితమునే ధారపోసిరి. ప్రజల చందాలు, కార్యకర్తల శ్రమ, ఈ రెండే ఆనాటి పెట్టుబడి. మనుష్యులు గతింతురు, సంస్థ నిలువవలెను. స్థాపించిన వారి తరువాత కూడ పని సాగుటకు వారి మంచితనము ఒక్కటియే చాలదు. మంచితనము వెంట ఒక పద్ధతి యుండవలెను.

పద్ధతి లేనిచో ఏమగునో మేము కన్నులార చూచితిమి. మేము కార్యవర్గ సభ్యులముగా నున్న ఒక చిన్న గ్రంథాలయమునకు ఒక ఉపాధ్యాయులు ఇరువదేండ్లకు పైగా కార్యదర్శిగా నుండిరి. చందాల వసూలు, పత్రికల బిల్లులు, అటెండరు జీతము అన్నియు ఆయనే చూచుకొనెడివారు. బ్యాంకు ఖాతా ఆయన పేరనే యుండెను. లెక్కలు ఆయన సొంత డైరీలలో నుండెను. మేమెన్నడును వానిని అడిగి చూచి యెరుగము. ఒకనాటి రాత్రి ఆయన గుండెపోటుతో మరణించిరి. ఖాతాలోని సొమ్మును తీసికొనుటకు వారసుల ధ్రువపత్రములు కావలసివచ్చెను. పత్రికలు నిలిచిపోయెను. ఊరిలో గుసగుసలు బయలుదేరెను. పదునైదు దినములు గడువకముందే ఆయన భార్య మమ్ము పిలిపించి, డైరీల మూటను మా ముందుంచి, “మీరే చూడండి బాబూ, గ్రంథాలయం సొమ్ము మా యింట్లో ఒక్క రూపాయి ఉందేమో” అనిరి. రెండు నెలలు కూర్చుండి లెక్కలు కూర్చితిమి. ఆయన సంఘమునకు బాకీపడలేదు. సంఘమే ఆయనకు బాకీపడి యున్నదని తేలెను. కాని గుసగుసలాడిన వారందరి చెవికి ఆ సంగతి చేరనే లేదు.

తప్పు ఆయనది కాదు. ఇరువదేండ్లు లెక్క అడుగని మాది. లెక్క అడుగుట అవమానమని తలచి, ఒక సత్పురుషుని కీర్తిని కాపాడగల సాధనమును మేమే ఆయనకు లేకుండ చేసితిమి.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగానే యున్నది. 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురు కలసినచో సంఘమును నమోదు చేయవచ్చును. మన ప్రాంతమునకై 2001లో వేరుగా చేసిన చట్టములోను ఆ సంఖ్యయే యున్నది. కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటేట రిజిస్ట్రారునకు పంపవలెను. సంఘము రద్దయినను, అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదని 1860 చట్టములోనే కలదు. అనగా కార్యవర్గమువారు ఆ ఆస్తికి యజమానులు కారు, కావలివారు మాత్రమే. కావలివారు లెక్క చెప్పుట సహజము కదా!

ఇక ఆచరణ మాట. మొదటిది సమావేశము. ఏయే విషయములు చర్చకు రానున్నవో కనీసము వారము ముందుగా సభ్యులందరికి తెలుపవలెను. నిబంధనావళిలో చెప్పిన కోరము లేనిదే తీర్మానము చేయరాదు. తీర్మానమును ఆనాడే మినిట్సు పుస్తకమున వ్రాసి, తరువాతి సమావేశమున చదివి వినిపించి, అధ్యక్షుని సంతకము చేయింపవలెను. అంగీకరింపని సభ్యుడు తన అభిప్రాయమును అందు వ్రాయించుకొనవచ్చును. కాని తీర్మానమైన పిమ్మట వీధిలో దానిని ఎగతాళి చేయుట తగదు.

రెండవది సొమ్ము. ఖాతా సంఘము పేరనే యుండవలెను. చెక్కుపై ఇద్దరి సంతకములుండవలెను. పుచ్చుకొన్న ప్రతి రూపాయికి రసీదు, ఇచ్చిన ప్రతి రూపాయికి ఓచరు కావలెను. వసూలు చేయువారు, లెక్క వ్రాయువారు, తనిఖీ చేయువారు ఒక్కరే కారాదు. నేడు చందాలు ఫోను ద్వారా కూడ వచ్చుచున్నవి. గ్రంథాలయపు గోడపై అంటించిన క్యూఆర్ కోడు ఎవరి ఖాతాకు చేరునో ఒకసారి చూడుడు. అది ఎవరో ఒక సభ్యుని సొంత ఖాతాకు చేరుచున్నచో, ఆయన ఎంతటి పెద్దమనిషియైనను, మేము పైన చెప్పిన కథ మరల మొదలైనట్లే.

మూడవది స్వలాభమునకు సంబంధించిన చిక్కు. కార్యవర్గ సభ్యునికి ముద్రణాలయము కలదనుకొందము. వార్షికోత్సవపు ఆహ్వానములు ఆయన యొద్దనే ముద్రింపించుట నేరము కాదు. ఆయన ధర తక్కువ కూడ కావచ్చును. కాని ఆయన ఆ సంగతిని ముందుగా చెప్పవలెను. ధరలు మరి ఇద్దరి యొద్దనైన విచారింపవలెను. నిర్ణయము జరుగునప్పుడు ఆయన లేచి వెలుపలికి పోవలెను. ఆయన వెలుపలికి పోయిన సంగతి మినిట్సులో వ్రాయవలెను.

నాలుగవది పెత్తనపు హద్దు. గ్రంథాలయమున జీతమునకు పనిచేయు అటెండరు ఒక్కడే యుండును. ఒక సభ్యుడు పుస్తకముల దుమ్ము దులుపుమనును, మరియొకడు బ్యాంకునకు పొమ్మనును, వేరొకడు కాఫీ తెమ్మనును. సభ్యునికి అధికారము సమావేశమున కూర్చున్నప్పుడే కాని విడిగా లేదు. ఆ అటెండరునకు ఆజ్ఞలిచ్చువాడు ఒక్కడే యుండవలెను. కార్యవర్గము కూడ మితముగానే యుండవలెను. అందరూ అందలమెక్కితే మోసేవారెవరను సామెత యుండనే యున్నది.

ఐదవది మార్పు. ఎంత సమర్థుడైనను ఒకడే యావజ్జీవము ఒకే పదవిలో నుండుట సంస్థకు క్షేమము కాదు, ఆయనకును క్షేమము కాదు. ప్రతి ఎన్నికకు కొందరు పాతవారు తప్పుకొని కొందరు క్రొత్తవారు వచ్చునట్లు నిబంధన యున్నచో అనుభవము నిలుచును, క్రొత్త రక్తమును చేరును. తప్పుకొనువారు పుస్తకములను, తాళపుచెవులను, పత్రములను జాబితా వ్రాసి అప్పగింపవలెను.

మా గ్రంథాలయమున నేడు ఖాతా సంఘము పేరనే యున్నది. ప్రతి నెల మొదటి వారమున జమాఖర్చుల కాగితమును వాకిటి ప్రక్క గోడపై అంటించుచున్నాము. దానిని నిలిచి చదువువారు ఇద్దరో ముగ్గురో మాత్రమే. ఐనను మానలేదు. మొదటి నెల కాగితమును అంటించిననాడు ఆ మాస్టరుగారి భార్య వచ్చి, అద్దములు పెట్టుకొని, పై వరుస నుండి క్రింది వరుస వరకు చదివి, ఏమియు మాటాడక వెడలిపోయిరి.

నమ్మకమున్నచోట లెక్క యెందుకని ఎవరైన అడిగినచో మా సమాధానమిది: ఆ నమ్మకము నిలుచుటకే. మీ ఊరి సంఘమున మీరును సభ్యులే యైనచో, రాబోవు సమావేశమున మినిట్సు పుస్తకము ఎక్కడ నున్నదని మర్యాదగా అడిగి చూడుడు.