ఆకాశహర్మ్యముల పనివారి ఛాయాచిత్రములు

ఉక్కు దూలముపై వరుసగ కూర్చుండి మధ్యాహ్నభోజనము చేయుచున్న 11 మంది పనివారి చిత్రమును చూడనివారు అరుదు. వారి కాళ్ళ క్రింద న్యూయార్కు నగరము, నడుమ శూన్యము. మా పాఠశాల బాలుడొకడు దానిని మాకు చూపి "ఇది నిజమేనా?" అని యడిగినప్పుడు, ఔనని కాని కాదని కాని ఒక్కమాటలో చెప్పజాలకపోయితిమి.

ఆ చిత్రము 1932 సెప్టెంబరు 20వ తేదీన, రాక్‌ఫెల్లర్ సెంటరులో నిర్మాణమగుచుండిన ఆర్.సి.ఏ. భవనపు 69వ అంతస్తున తీయబడినది. అక్టోబరు 2న న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో అచ్చుపడినది. వారు నిజమైన పనివారే, ఎత్తును నిజమే. కాని భవనమునకు ప్రచారము కొరకు వారినట్లు కూర్చుండబెట్టి తీసిరి. తీసినవారెవరో నేటికిని నిశ్చయముగ తేలలేదు. ఆనాడచట పలువురు ఛాయాగ్రాహకులుండిరి.

కూర్చుండబెట్టి తీసినంతమాత్రమున చిత్రము చెడ్డదగునా? కాదని మా అభిప్రాయము. లూయిస్ హైన్ సంగతి చూడుడు. ఆయన మొదట బడిపంతులు. 1908 నుండి గనులలోను, నూలుమిల్లులలోను పనిచేయు పసివారిని చిత్రించి, వారి వయస్సు మొదలగు వివరములు వ్రాసికొనెడివాడు. బాలకార్మికతపై జరిగిన పోరాటమునకు ఆ చిత్రములు సాక్ష్యములైనవి. అట్టివాడు 1930లో ఎంపైర్ స్టేట్ భవన నిర్మాణమును చిత్రించెను. ఆయనను నియమించినదియు భవనమువారే! ఐనను ఆ చిత్రములలో పనివాని చేతులను గమనింపుడు. తీగత్రాడును పట్టిన పట్టు, మరను బిగించుచు వంగిన వెన్ను, పనిమీదనే నిలిచిన చూపు: ఇవి నటనకు సులభముగ లొంగునవి కావు.

ముద్రణ దోషమును ఛాయాగ్రాహకునిపై మోపరాదు. నకలుకు నకలు తీసినకొలది నడిమి ఛాయలు నశించును. ముఖములు నల్లబారును, దూరపు మేడలు తెల్లని మంచులో కలిసిపోవును. భోజనచిత్రపు గాజు మూలఫలకము పగిలియున్నది. అందుచేత పుస్తకములలో దొరకునవి యన్నియు ఒక్కతీరున నుండవు. అంచులు కత్తిరించి, లేని రంగులు పూసినవియు కలవు. కావున తలిదండ్రులు పిల్లలకు చూపుటకు ముఖములందలి ముడుతలు, దూరపు కిటికీలు రెండును కనబడు ప్రతిని ఎన్నుకొనవలెను.

ఇంతకు ఆ బాలునికి మేము చిత్రమున కుడివైపు చిట్టచివరి వానిని చూపితిమి. సీసా చేతబట్టుకొని, తక్కినవారివలె గాక, వాడు సూటిగ కెమేరా వంకకే చూచుచున్నాడు.