వినబడని ప్రసారము

ఇటీవల మా కేంద్రమునకు ఒక శ్రోత నుండి ఉత్తరము వచ్చినది. ఆయన ఉద్యోగ విరమణ చేసిన లెక్కల పంతులుగారు. ప్రశ్న సూటిగా అడిగినారు: "ఇప్పుడు మా వీధిలో అందరును ఫోనులోనే రేడియో వినుచున్నారు. మీడియం వేవు ట్రాన్స్‌మిటర్లకు అంత కరెంటు దేనికి? విద్యుత్తును పొదుపు చేయుడని మాకు ప్రతిదినము బోధించు మీరు, ముందుగా మీ స్విచ్చి ఎందుకు ఆర్పరు?"

నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదిది. మైక్రోఫోను ముందు కూర్చుండు మావంటివారికి ట్రాన్స్‌మిటరు కరెంటు బిల్లు కంటికి కనబడదు. అది ఇంజనీర్ల గదికి పోవును. మేము శ్రోతలను లెక్కించుకొందుము గాని యూనిట్లను లెక్కించుకొనము. పంతులుగారికి నాలుగు పంక్తుల జవాబు వ్రాయుటకు కూర్చుండి, బ్రిటనులో ఇదే ప్రశ్న ఎంత దూరము పోయినదో జ్ఞప్తికి వచ్చి, కార్డు ప్రక్కన బెట్టి ఈ వ్యాసము మొదలిడితిమి.

ఇంగ్లండు నడుమ, బర్మింగ్‌హాం నగరమునకు నైరుతి దిక్కున, డ్రాయిట్విచ్ అను చిన్న పట్టణము కలదు. పూర్వము ఉప్పునీటి ఊటలకు పేరుపొందిన ఊరు. దాని చెంత 1934లో బి.బి.సి. వారు దీర్ఘ తరంగ ప్రసార కేంద్రమును నెలకొల్పినారు. 700 అడుగుల ఎత్తుగల రెండు ఉక్కు స్తంభములు, వాని నడుమ వ్రేలాడదీసిన తీగలు. ఆ తీగల నుండి వెలువడు తరంగము పొడవు ఇంచుమించు కిలోమీటరున్నర. అంత పొడవైన తరంగము నేలను అంటిపెట్టుకొని, కొండలెక్కి లోయలు దిగి, చాల దూరము పోగలదు. అందుచేత ఈ ఒక్క కేంద్రమే ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో అధిక భాగమునకు చాలినది. స్కాట్లండు కొరకు బర్గ్‌హెడ్, వెస్టర్‌గ్లెన్ అనుచోట్ల మరి రెండు చిన్న కేంద్రములను ఏర్పరచినారు.

ఇక కరెంటు మాట. తొలుత 150 కిలోవాట్లుగా ఉన్న డ్రాయిట్విచ్ శక్తి తరువాతి కాలమున 500 కిలోవాట్లకు పెరిగినది. 500 కిలోవాట్లను 24 గంటలచే గుణించిన 12,000 యూనిట్లు. ఇది ఆకాశములోనికి విడుచు శక్తి మాత్రమే. ఏ యంత్రమును తాను త్రాగిన కరెంటునంతను తరంగముగా మార్చజాలదు గనుక మీటరుపై పడు లెక్క ఇంతకంటె ఎక్కువ. దినమునకు పది యూనిట్లు వాడుకొను గృహములు 1,200 ఉన్నచో వాని కన్నింటికి సరిపోవు విద్యుత్తు. పైగా దాని పెద్ద వాల్వులు దొరకుట దుర్లభమైనదని 2011 నాటికే అక్కడి పత్రికలు వ్రాసినవి. శ్రోతలలో అధికులు ఎఫ్.ఎం.కు, డిజిటల్ రేడియోకు, ఇంటర్నెట్టునకు మారిపోయినారు. 2024 ఏప్రిల్ నుండి దీర్ఘ తరంగమున ప్రత్యేక కార్యక్రమములను కూడ బి.బి.సి. ఆపివేసినది.

శ్రోతలను మాత్రమే లెక్కించినచో పంతులుగారి తీర్పే సరియైనది. కాని ఆ తరంగము మాటలను, పాటలను మోయుచుండగా, దాని వీపున ఎవరికిని వినబడని మరియొక బరువు నలువది సంవత్సరములుగా ఎక్కి కూర్చున్నది. అది విద్యుత్ మీటర్లకు ఆజ్ఞలనిచ్చు సంకేతము.

ఈ సంగతి అర్థమగుటకు రాత్రి కరెంటు విషయము కొంత చెప్పవలెను. అణువిద్యుత్ కేంద్రమును, పెద్ద బొగ్గు కేంద్రమును సాయంకాలము ఆర్పి తెల్లవారి వెలిగించుట సులభము కాదు. జనులు నిద్రించునప్పుడు వాడకము పడిపోవును. యంత్రములు మాత్రము తిరుగుచునే యుండును. ఆ మిగులు విద్యుత్తును చౌకగా అమ్ముటకు బ్రిటనులో 1978 అక్టోబరున 'ఎకానమీ సెవెన్' అను పద్ధతి వచ్చినది. రాత్రి ఏడు గంటలసేపు యూనిట్ ధర తక్కువ. ఆ గంటలలో ఇంటిలోని హీటరు తన పెట్టెలో పేర్చిన దట్టమైన ఇటుకలను కాల్చి ఉంచును. మరునాడు పగలంతయు ఆ ఇటుకలు మెల్లమెల్లగా వేడిని విడుచుచుండును. మన పల్లెటిండ్లలో దాలిగుంటలోని పిడకల సెగ పాలను సాయంకాలము వరకు కాచినట్లే ననుకొనుడు. గ్యాసు గొట్టములు చేరని పల్లెలకు, చిన్న చిన్న అద్దె ఇండ్లకు శీతకాలమున ఇదియే దిక్కు అయినది.

చౌక కాలము ఎప్పుడు మొదలగునో మీటరునకు ఎవరు చెప్పవలెను? మొదట గడియారములు పెట్టినారు. కరెంటు పోయిన ప్రతిసారియు గడియారము వెనుకబడును. లక్షల ఇండ్లలో వానిని దిద్దుటకు మనుష్యులను ఇల్లిల్లు త్రిప్పవలసివచ్చెను. అన్ని గడియారములును సరిగా నడచినచో మరియొక చిక్కు: హీటర్లన్నియు ఒక్క నిమిషముననే వెలిగి విద్యుత్ వలయముపై విరుచుకొనిపడును. అప్పుడు ఇంజనీర్ల దృష్టి డ్రాయిట్విచ్ మీద పడినది. దేశమంతట వినబడు తరంగము అప్పటికే ఉన్నది. దానిపై మరికొంత సమాచారమును ఎక్కించిన చాలును. 1980ల దశకమున 'రేడియో టెలిస్విచ్' ఈ విధముగా పుట్టినది.

ఎక్కించిన విధానము ముచ్చటైనది. దీర్ఘ, మధ్య తరంగములలో మన మాట తరంగపు ఎత్తు హెచ్చుతగ్గుల రూపమున పయనించును. మన రిసీవరు ఆ ఎత్తును మాత్రమే కొలిచి శబ్దముగా మార్చును. తరంగము యొక్క అడుగు లిప్తలో వెయ్యవ వంతు ముందు పడినను, వెనుక పడినను రిసీవరు పట్టించుకొనదు. కచేరీలో తాళము వేయువాడు దెబ్బ బలము మార్చక, ఒక దెబ్బను రవంత ముందుగా, మరియొక దెబ్బను రవంత ఆలస్యముగా వేసినాడనుకొనుడు. పాటలో లీనమైన వారికి తెలియదు. చెవి పెట్టుకొని కాచుకొనియున్న వానికి మాత్రము తెలియును. మీటరు ప్రక్కనున్న పెట్టె అట్లు కాచుకొనియుండును. తరంగపు పూర్తి చుట్టులో పదునారవ వంతు, అనగా ఇరువదిరెండున్నర డిగ్రీలు, అటునిటు జరుపుటచేత సెకనుకు 25 సంకేతములు పోవును. యాబది సంకేతములు కలిసి ఒక సందేశము. నిమిషమునకు ముప్పది సందేశములు. ఏ తరగతి మీటరు ఎప్పుడు వెలుగవలెనో, ఎప్పుడు ఆరవలెనో అవి చెప్పును. అన్నియు ఒక్కసారి వెలుగకుండ వరుసలు వరుసలుగా వెలిగింపవచ్చును. స్కాట్లండులో వాతావరణ సూచనను బట్టి చలి ఎక్కువగు రోజున హీటరు గంటలను పెంచు ఏర్పాటు కూడ చేసికొన్నారు. 1988 ఫిబ్రవరి 1న తరంగ సంఖ్యను 200 నుండి 198 కిలోహెర్ట్జులకు మార్చినారు. రాత్రి ఏడు గంటల లెక్క మాత్రము మారలేదు.

ఇప్పుడు పంతులుగారి లెక్కకు మరియొక వరుస చేర్చుదము. ఉదాహరణకు ఒక్కొక్క ఇంట హీటర్లన్నియు కలిసి 6 కిలోవాట్లు తీసికొనునని అనుకొందము. లక్ష ఇండ్లలో ఇవి ఒక్కసారి వెలిగినచో 600 మెగావాట్లు. ఇబ్రహీంపట్నములోని మన థర్మల్ కేంద్రమున తొలి ఆరు యూనిట్లు ఒక్కొక్కటి 210 మెగావాట్లవి. అట్టివి ఇంచుమించు మూడు కావలెను. ఈ భారమును రద్దీ వేళ నుండి ఖాళీ వేళకు జరుపుచున్న ట్రాన్స్‌మిటరు వాడునది అర మెగావాటు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను: ఈ సంకేతము కరెంటును పొదుపు చేయలేదు, దాని వేళను మార్చినదంతే. అయినను వేళ మార్చుటచేతనే కొత్త కేంద్రముల అవసరము తగ్గునని విద్యుత్ శాఖలలో పనిచేసిన వారందరికిని తెలియును.

వేళ తప్పిన స్విచ్చి ఏమి చేయునో మన రైతులు వేరొక రూపమున చూచినారు. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియని కాలమున పంపుసెట్టుకు ఆటో స్టార్టరు బిగించుకొన్నారు. కరెంటు రాగానే మోటారు తనంత తాను తిరుగును. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభమైనప్పుడు, భూగర్భ జలము వృథాగా పోవునని, ఆటో స్టార్టర్లను తీసివేయుడని విద్యుత్ సంస్థలు ఊరూర ప్రచారము చేయవలసివచ్చినది. అర్ధరాత్రి పొలమునకు పోయి పామును త్రొక్కిన భయము మరువని రైతునకు ఆ పెట్టెను విప్పుట అంత సులభముగా తోచలేదనిన ఆశ్చర్యమేమున్నది?

బ్రిటను కథలోనికి మరలుదము. రేడియో టెలిస్విచ్ ఆలోచన పుట్టిననాడు ప్రసారమును ప్రజా సంస్థదే, విద్యుత్తును ప్రజా సంస్థలదే. ఉభయులు కూర్చుండి ఒక ఒడంబడిక చేసికొన్నారు. 1990–91లలో విద్యుత్ సంస్థలు ప్రైవేటు వారి పరమైనవి. 1997లో బి.బి.సి. తన ట్రాన్స్‌మిటర్లను కూడ అమ్మివేసినది. అప్పటి నుండి మాటలు పలుకువారొకరు, స్తంభముల యజమాని మరియొకరు, సంకేతమునకు సొమ్ము చెల్లించువారు వేరొకరు, మీటరు బిగించినవారు ఇంకొకరు. ప్రతి ఒక్కరి లెక్కయు విడిగా చూచినచో సక్రమమే. బి.బి.సి. తక్కువమంది వినెడి తరంగముపై లైసెన్సు సొమ్ము ఖర్చు చేయుట తగదనెను. పాత పెట్టెలకు బదులు స్మార్ట్ మీటర్లు పెట్టవచ్చును గదా యని ఇతరులు. మా దృష్టిలో లోపము ఇక్కడనే ఉన్నది: గోడకు బిగించిన నల్లని పెట్టె రేడియో వినుచున్నదని ఆ ఇంటి ముసలమ్మకు ఎవరును చెప్పియుండలేదు. ఆమె ఇంట రేడియోయే లేకపోవచ్చును.

సేవను ముందు 2024 మార్చి చివర ఆపదలచినారు. మీటర్ల మార్పు పూర్తికానందున 2025 జూన్ 30 వరకు పొడిగించినారు. ఆ తేదీ దగ్గరపడునప్పటికిని కొన్ని లక్షల ఇండ్లు మిగిలియుండెను. సంకేతము హఠాత్తుగా నిలిచినచో హీటరు వెలిగినది వెలిగినట్లే ఉండిపోవచ్చును, లేదా ఆరినది ఆరినట్లే ఉండిపోవచ్చును, లేదా పగటి ప్రియమైన వేళలో ఇటుకలను కాల్చవచ్చును అని నియంత్రణ సంస్థ ఆఫ్‌జెం ప్రజలను హెచ్చరించినది. కడకు ఒక్కసారిగా కాక ప్రాంతముల వారీగా, అంచెలంచెలుగా ఆపుటకు నిర్ణయించినారు.

కొత్త మీటర్ల మేలు నిజమైనదే. పాత సంకేతము ఒక దిక్కునకే పోవును. పెట్టెకు అందినదో లేదో పంపినవానికి తెలియదు. స్మార్ట్ మీటరు తిరిగి జవాబిచ్చును. కాని అది ఇంగ్లండు దక్షిణ, మధ్య భాగములలో మొబైలు ఫోను వలపై ఆధారపడును. ఉత్తరమున వేరొక రేడియో వల. కొండల చాటున, మందపు రాతిగోడల నడుమ నున్న ఇండ్లకు ఆ సంకేతము చేరుట కష్టమైన చోట్లు కలవు. డ్రాయిట్విచ్ తరంగము సునాయాసముగా చొచ్చుకొనిపోయిన గోడలవి. చలి ఎక్కువగా నుండునదియు, ఈ పాత పెట్టెలు ఎక్కువగా మిగిలినదియు స్కాట్లండు పల్లెలలోనే.

ఇతర దేశములు వేరు త్రోవ పట్టినవి. ఫ్రాన్సులో ఆలూయి కేంద్రము నుండి దీర్ఘ తరంగమున మాటల ప్రసారము 2016 డిసెంబరు 31తో ముగిసినది. కాని ట్రాన్స్‌మిటరును ఆర్పలేదు. గడియారములను దిద్దు కాల సంకేతము అచ్చటి నుండి సాగుచున్నది. రైల్వేలును, విమానాశ్రయములును దానిని నమ్ముకొని యున్నవి. జర్మనీ వారు మొదటి నుండియు మాటలతో నిమిత్తము లేని వేరు దీర్ఘ తరంగ కేంద్రములను విద్యుత్ ఆజ్ఞల కొరకే నడుపుకొన్నారు. అందుచేత అక్కడ శ్రోతలు తగ్గిపోవుటతో మీటర్లకు చిక్కు రాలేదు.

ఇంతయు తలపోసి పంతులుగారికి జవాబు వ్రాసితిమి. మన మీడియం వేవు ట్రాన్స్‌మిటర్లు మీటర్లను నడుపుట లేదనియు, వానికున్న రెండవ పని తుఫాను రాత్రులదనియు మనవి చేసితిమి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు కరెంటును, ఫోనులును మూగవోయినవి. ఫోనులో రేడియో వినువారికి ఆ రాత్రి రేడియో కూడ లేదు. రెండు సెల్లులతో పలుకు రిసీవరునకు మాత్రము, గాలివానకు ఆవల వందమైళ్ల దూరమున నిలిచిన పెద్ద స్తంభము ఒకటి చాలును. అట్టి రాత్రులు ఏటికి ఎన్ని వచ్చును, వానికొరకు సంవత్సరమంతయు ఎన్ని యూనిట్లు కాల్చవచ్చును, పగటివేళ శక్తిని తగ్గించి నడుపవచ్చునా అను లెక్కను తాము వేసి మాకు పంపవలసినదిగా ఆయననే కోరితిమి.

వారము తిరుగక మునుపే ఆయన నుండి కార్డు వచ్చినది. లెక్క తరువాత పంపుదుననియు, ఈలోగా అటక మీది ట్రాన్సిస్టరును దింపి చూచితిననియు వ్రాసినారు. సెల్లులు కారి లోపలి తీగలన్నియు తుప్పుపట్టినవట. బాగుచేయువాడు తమ ఊరిలో ఇప్పుడు లేడట. ఎక్కడ దొరకునో మమ్ములనే అడుగుచున్నారు.