చీకటిలోని పనివారు

గోదావరిఖని భూగర్భగనులలో పనిచేయు కార్మికుని మనము చూడలేము; ఆతడు పైకి పంపిన బొగ్గునే చూతుము. మన పెద్దప్రేగులోను ఇట్టి అదృశ్య కార్మికులు కోట్లకొలది కలరు. వారే సూక్ష్మజీవులు. వారికి మనమిచ్చు కూలి ఏది? ధాన్యములోని పీచు.

పీచు మన జీర్ణరసములకు లొంగదు. చిన్నప్రేగును దాటి పెద్దప్రేగును చేరును. అచట సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములను పుట్టించును. బ్యుటిరిక్ ఆమ్లము ప్రేగుగోడ కణములకు ముఖ్యాహారము. పీచు కరవైనచో కొన్ని సూక్ష్మజీవులు ప్రేగును కాపాడు జిగురుపొరనే తినసాగునని 2016లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెల్పినది.

ఒకప్పుడు రామగుండము చుట్టుపట్ల పల్లెలలో జొన్నగటక, జొన్నరొట్టె నిత్యాహారములు. శ్రీరాంసాగర్ కాలువనీరు, 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యపు పథకము తెల్లని అన్నమును ఇంటింటికి చేర్చినవి. ఆకలి తీరినది, అది చిన్న మేలు కాదు. కాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల జొన్నలలో పీచు 10 గ్రాములకు పైగా కలదు. మరపట్టిన బియ్యములో 3 గ్రాములైనను లేదు. ధాన్యపు పీచు సమృద్ధిగా తినువారిలో గుండెజబ్బు, మధుమేహము, పెద్దప్రేగు కాన్సరు తక్కువగా కనిపించుచున్నవి.

అన్నము మానవలెనని కాదు. వారమునకు కొన్ని పూటలైనను గటక తిరిగి పొయ్యి నెక్కవలెను. పగలనక రేయనక మనకై పాటుపడు పనివారికి కూలి ఎగవేయుట, ఆ ఇంటికే చేటు.