చేయి విడువని ఫోను

సెలైన్ చుక్కలను లెక్కించుట చూచువారికి తేలిక పనివలె తోచును. 20 చుక్కలు ఒక మిల్లీలీటరగు సెట్టుతో 500 మిల్లీలీటర్ల సెలైనును 8 గంటలలో ఎక్కింపవలెనన్న, నిమిషమునకు సుమారు 21 చుక్కలు పడవలెను. గడియారమును, చుక్కను కలిపి చూచుచు ఆ నిమిషము గడపవలెను. పండ్రెండవ చుక్కవద్ద జేబులోని ఫోను మ్రోగి మనస్సు అటు మరలినచో లెక్క మరల మొదటికి వచ్చును. వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము పరిధిలో జగిత్యాల, సిరిసిల్లలలో నర్సింగు చదువు విద్యార్థులకు ముందుగా అలవడవలసినది ఈ ఏకాగ్రతయే. సామాజిక మాధ్యమముల వ్యసనము మొదట దెబ్బ తీయునదియు దీనినే.

ఐతే ఎక్కువ వాడుక అంతయు వ్యసనము కాదు. బ్రిటిషు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రిఫిత్స్ 2005లో వ్యసనమునకు ఆరు గుర్తులు చెప్పెను: ఎల్లపుడు దానిమీదనే ధ్యాస, దానితోనే మనస్సు తేలికపడుట, నానాటికి మోతాదు పెరుగుట, లేనిచో చిరాకు, చదువుతోను మనుషులతోను పేచీ, మానినను మరల అందులో దిగుట. గంటల లెక్క వీనిలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలుచేసిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమునకు చోటు కలదు గాని, సామాజిక మాధ్యమముల వ్యసనమునకు ప్రత్యేకముగా లేదు. కనుక తొందరపడి జబ్బని ముద్ర వేయరాదు.

మరి చేయి మాటిమాటికి ఫోనువైపు ఏల పోవును? అమెరికాలో బి. ఎఫ్. స్కిన్నర్ పావురములను పెట్టెలో ఉంచి, ముక్కుతో బిళ్లను పొడిచినచో గింజలు పడునట్లు ఏర్పాటు చేసెను. ప్రతి పోటుకు గింజ దొరుకుటకు అలవాటుపడిన పావురము, గింజలు ఆగిన కొలదికాలమునకే మానుకొనును. ఎప్పుడు పడునో తెలియక, అప్పుడప్పుడు మాత్రమే గింజ దొరికిన పావురము విసుగక పొడుచుచునే ఉండును! ఇన్‌స్టాగ్రామ్‌లో తొమ్మిది వీడియోలు చప్పగానుండి పదవది నవ్వించును. ఆ పదవది ఎప్పుడు వచ్చునో తెలియదు. ఎదురుచూడని ఫలము దక్కినపుడు మెదడులోని డోపమైన్ కణములు చురుకుగా స్పందించునని వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగములు చూపినవి. పుస్తకమునకు కడపటి పుట ఉండును. ఈ వీడియోల వరుసకు అదియు లేదు.

"ఫోను మానివేయుము" అను సలహా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో చెల్లదు. ఇక్కడ ఎన్నో ఇండ్లనుండి బాపుయో అన్నయో గల్ఫు దేశములలో పనికి పోయియున్నారు. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక. అక్కడ రాత్రి 9 గంటలకు పని దిగిన బాపు ఫోనులో పిలిచినపుడు ఇక్కడ 10.30 అగును. ఆ మాటలు పది నిమిషములలో ముగియును. చేతిలోనున్న ఫోను మాత్రము పడుకొననీయదు; తెల్లవారిన వార్డు డ్యూటీ.

ఈ రెండు పనులను విడదీయుట కష్టము కాదు. పిలుపులకు మాత్రమే గంట ఉంచి, తక్కిన సూచనలన్నియు ఆపివేసి, ఫోనును మంచమునకు దూరముగా గది అవతలి గోడవద్ద ఛార్జింగు పెట్టవలెను. బాపు పిలుపు అక్కడనుండియు వినబడును. వీడియో కావలెనన్న లేచి నడువవలెను.