మూగజీవి – న్యాయపీఠం

రోమనుల కాలం నుండి న్యాయశాస్త్రం ఈ లోకంలో వ్యక్తులను, వస్తువులను వేరుచేసి చూస్తూ వచ్చింది. వ్యక్తికి హక్కులుంటాయి, వస్తువుకు యజమాని ఉంటాడు. ఇల్లు, పొలం, బండి, ఆ బండికి కట్టిన ఎద్దు – ఇవన్నీ యజమాని ఆస్తిలో భాగాలే. పొరుగువాడు ఎద్దును గాయపరిస్తే నష్టపరిహారం చెల్లేది యజమానికే. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వంటివి లేకపోలేదు. అయితే వాటి ప్రకారం హింస అనేది మనిషి చేసిన నేరంగా పరిగణింపబడుతుందే గాని, తన హక్కుకు భంగం కలిగిందని జంతువు పేరిట న్యాయస్థానం తలుపు తట్టే అవకాశం సాధారణంగా ఉండదు. మనిషికి అత్యంత సన్నిహితమైన మహావానరాల విషయంలోనైనా ఈ గీతను సడలించవచ్చునా అన్నది నేటి న్యాయకోవిదులను ఆలోచింపజేస్తున్న ప్రశ్న.

ఆ గీత ఎన్నడూ కదలనిదేమీ కాదు. ఒకనాడు బానిసలను సైతం చట్టం ఆస్తిగానే భావించింది. అమెరికా నుండి ఇంగ్లండుకు తీసుకొనిరాబడిన జేమ్స్ సోమర్సెట్ అనే బానిసను జమైకాలో విక్రయించేందుకు ఓడలో బంధించినప్పుడు, అతని పక్షాన కొందరు హెబియస్ కార్పస్ రిట్‌ను ఆశ్రయించారు. నిర్బంధంలో ఉన్నవారిని న్యాయమూర్తి ఎదుట హాజరుపరచి, ఆ నిర్బంధానికి కారణం చూపవలసిందని ఆదేశించే రిట్ అది. 1772లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ సోమర్సెట్‌కు విముక్తి ప్రసాదించాడు. ఒక మనిషిని జంతువుతో పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. చట్టం గీసిన గీతను చట్టమే సవరించుకోగలదని చెప్పడానికి ఇది నిదర్శనం.

చింపాంజీ, బొనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్‌లను మహావానరాలంటారు. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో జేన్ గూడాల్ ఒక చింపాంజీ గడ్డిపరకను పుట్టలోకి దూర్చి చెదపురుగులను బయటకు లాగి తినడాన్ని గమనించింది. పనిముట్ల వాడకం మానవునికే పరిమితమన్న భావన అంతటితో సడలిపోయింది. 1970లో గోర్డన్ గాలప్ మత్తులో ఉన్న చింపాంజీల ముఖాలపై రంగు గుర్తులు పెట్టి, మేల్కొన్న తరువాత వాటికి అద్దం చూపాడు. అవి ప్రతిబింబాన్ని చూస్తూ తమ ముఖం మీది గుర్తులనే తడుముకున్నాయి. ఈ జ్ఞానాన్ని ఆధారం చేసుకొని 1993లో పీటర్ సింగర్, పావోలా కవలియేరీ ‘గ్రేట్ ఏప్ ప్రాజెక్ట్’ను ముందుకు తెచ్చారు. వారు వానరాలకు ఓటుహక్కును కోరలేదు. జీవించే హక్కు, స్వేచ్ఛ, చిత్రహింస నుండి రక్షణ – ఈ మూడింటినే కోరారు.

ఈ వాదానికి అర్జెంటీనాలో ఫలితం లభించింది. మెండోజా నగర జంతుప్రదర్శనశాలలో సెసిలియా అనే చింపాంజీ ఉండేది. తోటి చింపాంజీలు రెండూ మరణించగా అది సిమెంటు బోనులో ఒంటరిగా మిగిలిపోయింది. గుంపుగా బ్రతికే జీవికి ఏకాంతమే పెద్ద శిక్ష గదా! దాని పక్షాన జంతుహక్కుల న్యాయవాదులు హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. 2016 నవంబరులో న్యాయమూర్తి మరియా అలెహాంద్రా మౌరిసియో సెసిలియా వస్తువు కాదని, హక్కులు గల మానవేతర జీవి అని తీర్పు చెప్పింది. మనుషులకున్న హక్కులన్నీ దానికి ఇవ్వడం తన ఉద్దేశం కాదని కూడా స్పష్టం చేసింది. 2017 ఏప్రిల్‌లో సెసిలియా బ్రెజిల్‌లోని సొరొకాబా సంరక్షణ కేంద్రానికి చేరుకుంది.

అమెరికాలోని న్యూయార్క్ న్యాయస్థానాలు మాత్రం ఇందుకు సమ్మతించలేదు. టామీ అనే చింపాంజీ తరఫున 2013లో దాఖలైన పిటిషన్‌ను అక్కడి అప్పీలు న్యాయస్థానం 2014లో త్రోసిపుచ్చింది. హక్కులు, బాధ్యతలు జంటగా నడుస్తాయని, బాధ్యత వహించలేని చింపాంజీ వ్యక్తి కాజాలదని పేర్కొంది. మరి పసిబిడ్డలకు బాధ్యతలు లేకున్నా హక్కులున్నవి గదా అని పిటిషన్‌దారుల పక్షం వారు ప్రశ్నించారు. 2018లో తదుపరి అప్పీలును స్వీకరించని సందర్భంలో న్యాయమూర్తి యూజీన్ ఫేహీ, చింపాంజీ వ్యక్తి అవునా కాదా అన్నది వాదించదగిన విషయమే అయినా, అది కేవలం వస్తువు మాత్రం కాదని అభిప్రాయపడ్డాడు. 2022లో హ్యాపీ అనే ఏనుగు విషయంలోనూ ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 5–2 ఆధిక్యంతో పిటిషన్‌ను నిరాకరించింది.

‘వ్యక్తి’ అనగానే మనిషే అని భ్రమపడరాదు. వ్యాపార కంపెనీ చట్టం దృష్టిలో వ్యక్తియే. మన దేవాలయాల భూములు దేవుని పేరనే ఉంటాయి. వ్యాజ్యంలో దేవుడే వాది అవుతాడు. 1925లో ప్రీవీ కౌన్సిల్ దేవతామూర్తిని చట్టపరమైన వ్యక్తిగా గుర్తించింది. తన మాట తాను చెప్పుకోలేడు గనుక దేవుణ్ణి మైనరుగా భావించి, ఆయన పక్షాన ఇతరులు వ్యవహారం నడుపుతారు. అయినప్పటికీ జంతువులకు ప్రాథమిక హక్కులను మన న్యాయవ్యవస్థ గుర్తించలేదని 2023లో జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పేర్కొంది.

ప్రతిపక్షం వారి సందేహాలు తేలికైనవి కావు. మనిషిని పోలినవాటికే హక్కులిస్తే, పోలనివాటి బాధ బాధ కాదా? వ్యక్తిత్వం ఇవ్వకుండానే 1999లో న్యూజిలాండ్ మహావానరాలపై ప్రయోగాలను చట్టం ద్వారా కట్టడి చేసింది గదా? ఆ మార్గం చాలదా? సంక్షేమ చట్టాలు అవసరమే. కాని అవి అమలయ్యేది మనిషి తలచుకున్నప్పుడే. యజమాని, అధికారి ఇద్దరూ మిన్నకున్ననాడు బోనులోని ప్రాణి పక్షాన న్యాయపీఠాన్ని చేరడానికి ఒక ద్వారం కావాలి. వ్యక్తిత్వం అటువంటి ద్వారమే గాని, మనిషితో సమానపీట కాదు.

సెసిలియాకు తన తీర్పు ఎన్నటికీ అర్థం కాదు. ఒంటరితనం తీరిందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది. నోరులేని ప్రాణి బాధను చట్టం ఆలకించాలా, ఆలకిస్తే ఎంతవరకు అన్నది రేపటి పౌరులైన విద్యార్థులు వివేకంతో ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.